పొగను చూసి పొయ్యిని ఎంచుకోండి
(ఇల్లు వెచ్చబెట్టే కట్టెల ఫైర్‌ప్లేస్ ఎంపికపై చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట్లాడటం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేసి చూపిస్తాను. ముందు వరుసల్లో వాళ్లకు బాగా కనిపిస్తుంది. వెనక ఉన్నవాళ్లు కాస్త లేచి నిలబడండి, పర్వాలేదు.

ఇదిగో కొవ్వొత్తి. వెలిగించాను. ఒక నిమిషం కాలనిద్దాం. ఇప్పుడు ఊదేస్తున్నాను. వత్తి మీద నుంచి తెల్లటి పొగ సన్నగా లేస్తోంది కదా. ఈ అగ్గిపుల్లను వత్తికి తాకించను. వత్తికి ఒక అంగుళం పైన, ఆ పొగలో పెడుతున్నాను. చూశారా? మంట పొగ వెంబడే కిందికి దిగి వత్తిని అంటుకుంది. కనిపించనివాళ్ల కోసం ఇంకోసారి చేస్తాను. ఊదాను, పొగ లేచింది, పుల్ల పెట్టాను, అంటుకుంది.

ఆ పొగ అంతా కాలకుండా మిగిలిన మైనమే. అందుకే నిప్పు తగలగానే మండింది. కట్టెల పొగ కూడా అంతే. మనం ఈరోజు మాట్లాడుకోబోయేదంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది. పొయ్యి కొనడానికి వెళ్లినవాళ్లు దాని రూపం చూస్తారు, గాజు తలుపు చూస్తారు, రంగు చూస్తారు. నేను మిమ్మల్ని చూడమని అడిగేది పొగను. మీరు డబ్బు పెట్టి కొన్న కట్టె ఎంత భాగం గదిలో వేడిగా మారుతోంది, ఎంత భాగం చిమ్నీలోంచి పొగగా పోతోంది? మంచి పొయ్యికీ చెడ్డ పొయ్యికీ తేడా అంతా అక్కడే ఉంది.

కట్టె కాలడం అంటే ఏమిటో ముందు చూద్దాం. కట్టె నేరుగా మండదు. వేడెక్కగానే ముందు దానిలో ఉన్న నీరు ఆవిరవుతుంది. ఆ తర్వాత, వేడి 200, 250 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే కట్టె విచ్ఛిన్నమై వాయువులు బయటికొస్తాయి. మనకు కనిపించే మంట ఆ వాయువులదే. అవి పోగా మిగిలింది బొగ్గు. అది ఎర్రగా, మంట లేకుండా, నెమ్మదిగా కణకణలాడుతూ కాలుతుంది. ఎండుకట్టె బరువులో మూడొంతులకు పైగా ఈ వాయువుల రూపంలోనే బయటపడుతుంది. కట్టెలోని శక్తిలో సగానికి పైగా వాటిలోనే ఉంటుంది.

చిక్కంతా ఏమిటంటే, ఆ వాయువులు పూర్తిగా కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి, గాలి కావాలి, ఆ రెండూ బాగా కలవడానికి కాస్త వ్యవధి కావాలి. మూడింట్లో ఏది తగ్గినా వాయువు కాలకుండానే పైకి పోతుంది. చల్లబడి పొగ అవుతుంది, తారు అవుతుంది, మసి అవుతుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. పొయ్యి విషయంలో నేను ఇంకో మాట కలుపుతాను. నిప్పు సరిగా ఉంటే పొగ కనపడకూడదు. బాగా అంటుకున్న పొయ్యి చిమ్నీ మీదికి చూస్తే గాలి వణుకుతున్నట్టు వేడి మాత్రమే కనిపించాలి. చలి బాగా ఉన్నప్పుడు కాస్త తెల్లని నీటి ఆవిరి కనిపించినా అది వెంటనే చెదిరిపోతుంది. నీలంగానో బూడిద రంగులోనో తోకలా సాగే పొగ వస్తోందంటే మీ కట్టె కాలకుండా పోతోందని అర్థం.

ఇప్పుడు తలుపు లేని ఫైర్‌ప్లేస్ సంగతి. గోడలో గూడు, అందులో మంట, ముందు కుర్చీ. చూడటానికి ఎంతో బాగుంటుంది, కాదనను. కానీ ఇల్లు వెచ్చబడటానికి దాన్ని నమ్ముకోవద్దు. చలిమంట దగ్గర కూర్చున్నవాళ్లందరికీ తెలిసిన విషయమే ఇది. ముఖం కాలిపోతుంటుంది, వీపు మాత్రం వణుకుతుంటుంది. తెరిచిన ఫైర్‌ప్లేస్ గదిలో చేసేదీ అదే. కట్టెలోని వేడిలో పది, పదిహేను శాతమే గదికి అందుతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఆ మంట గంటకు కొన్ని వందల ఘనమీటర్ల గాలిని గదిలోంచి పీల్చి చిమ్నీలోకి పంపేస్తుంది. ఆ గాలి మీరు అప్పటికే వెచ్చబెట్టుకున్నది. అది పోయిన చోటికి కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనుంచి బయటి చల్లగాలి వచ్చి చేరుతుంది. అందుకే ఫైర్‌ప్లేస్ ఉన్న గది వెచ్చగా ఉన్నా పక్క గదులు ఇంకా చల్లబడతాయి. బయట చలి బాగా ముదిరిన రోజున ఇల్లు మొత్తం మీద లెక్కవేస్తే లాభం ఏమీ ఉండకపోవచ్చు, నష్టమే రావచ్చు.

ఈ బాధ కొత్తది కాదు. 1740ల్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ దీనికోసమే ఇనుప పొయ్యి ఒకటి తయారుచేశాడు. 1744లో దాని గురించి చిన్న పుస్తకం కూడా వేశాడు. పేటెంట్ ఇస్తామంటే వద్దన్నాడు. ఆయన ఆలోచన ఏమిటంటే, పొగను నేరుగా పైకి పోనివ్వకుండా ఒక అడ్డు మీదుగా ఎక్కించి, మళ్లీ కిందికి దించి, అప్పుడు చిమ్నీలోకి పంపడం. దారిలో దాని వేడంతా ఇనుముకు, అక్కడి నుంచి గదికి చేరుతుంది. ఆలోచన గొప్పదే. వాడకంలో మాత్రం ఇబ్బంది పెట్టింది. పొగలోని వేడి మరీ లాగేస్తే అది బరువెక్కుతుంది, పైకి లేవదు. చల్లటి పొయ్యి ముట్టించినప్పుడు పొగ గదిలోకే వచ్చేది. తర్వాత డేవిడ్ రిటెన్‌హౌస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడి లాంటివాళ్లు పొగ దారిని మార్చాక అది సరిగా పనిచేసింది. నాకు ఈ కథ ఇష్టం. ఎందుకంటే చిమ్నీకి దాని వాటా వేడి ఇవ్వాల్సిందేనని ఇది నేర్పుతుంది. నూటికి నూరు శాతం సామర్థ్యం ఉన్న కట్టెల పొయ్యి ఉండదు. ఉందని ఎవరైనా అమ్మితే కొనకండి.

తర్వాత 1796లో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త, అసలు పేరు బెంజమిన్ థామ్సన్, తెరిచిన ఫైర్‌ప్లేస్‌నే తీసుకుని మెరుగుపరిచాడు. లోతు తగ్గించాడు, పక్క గోడల్ని ఏటవాలుగా పెట్టి వేడి గదివైపు తిరిగేలా చేశాడు, పైన పొగ పోయే గొంతు సన్నం చేశాడు. గొంతు సన్నబడగానే పొగ వేగంగా పైకి పోయింది, గదిలోంచి అనవసరంగా పోయే గాలి తగ్గింది. ఇప్పటికీ తెరిచిన ఫైర్‌ప్లేసే కావాలనుకునేవాళ్లు ఆ కొలతలతోనే కట్టించుకుంటారు. అయినా ఎంత బాగా కట్టినా తలుపు లేని పొయ్యి, తలుపున్న పొయ్యికి సాటిరాదు. యూరోపియన్ యూనియన్‌లో 2022 జనవరి 1 నుంచి అమలవుతున్న నియమాలే చూడండి. కొత్తగా అమ్మే తలుపున్న కట్టెల హీటర్‌కు కనీసం 65 శాతం సామర్థ్యం ఉండాలన్నారు. తలుపు లేనిదానికి 30 శాతం ఉంటే చాలన్నారు. అంతకంటే ఎక్కువ దాని నుంచి ఆశించలేమని వాళ్లకూ తెలుసు.

కాబట్టి మొదటి నిర్ణయం సులువు. తలుపున్నది కొనండి. తలుపు మూసుకున్నప్పుడు అంచున ఉండే తాడులాంటి సీలు బిగుతుగా అతుక్కోవాలి. కొట్లో చూసేటప్పుడు ఒక కాగితం ముక్కను తలుపుకూ అంచుకూ మధ్య పెట్టి మూసి లాగండి. ఊరికే జారి వచ్చేస్తే ఆ తలుపు గాలిని ఆపలేదు. నాలుగు వైపులా చూడండి. గాలి మన చేతిలో ఉంటేనే మంట మన చేతిలో ఉంటుంది.

తలుపున్న పొయ్యిలో లోపల ఏం చూడాలి? టార్చ్ లైట్ తీసుకెళ్లి లోపలికి తొంగి చూడండి. పైభాగంలో అడ్డంగా ఒక పలక ఉంటుంది. మంట నేరుగా చిమ్నీలోకి పోకుండా అది ముందుకు మళ్లిస్తుంది. ఆ పలక కింద గానీ, వెనక గోడకు గానీ చిన్న చిన్న రంధ్రాల వరుస ఉండాలి. లోపలే వేడెక్కిన గాలి ఆ రంధ్రాల్లోంచి వచ్చి పొగలో కలుస్తుంది. నేను ఇందాక కొవ్వొత్తి పొగలో అగ్గిపుల్ల పెట్టాను కదా, ఆ పొయ్యి అదే పనిని ఎడతెగకుండా చేస్తుంటుంది. బాగా అంటుకున్నాక చూస్తే కట్టెల మీద కాకుండా ఆ రంధ్రాల దగ్గర, గాలిలోనే, మంటలు వేలాడుతున్నట్టు నెమ్మదిగా కదులుతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. పొగ కాలుతున్న దృశ్యం అది.

గోడలకు లోపల ఇటుకలో, తేలికపాటి వేడి తట్టుకునే పలకలో ఉండాలి. అవి మంట వేడిని మంట దగ్గరే నిలబెడతాయి. ఇనుప గోడకు నేరుగా మంట తగిలితే గది తొందరగా వేడెక్కుతుందనిపిస్తుంది గానీ, లోపల వేడి పడిపోయి పొగ కాలదు. గాజు మీదుగా పై నుంచి కిందికి గాలి పొరలా జారే ఏర్పాటు కూడా ఉండాలి. దానివల్ల మసి గాజుకు పట్టదు. గాజు శుభ్రంగా ఉండటం అందం కోసమే అనుకోవద్దు. గాజు నల్లబడితే లోపల మంట సరిగా లేదని అర్థం.

కెటలిటిక్ పొయ్యిలని ఇంకో రకం ఉంది. తేనెతుట్టెలాంటి గదులున్న ఒక ముక్కను పొగ దారిలో పెడతారు. దానిమీద పూత ఉంటుంది. ఆ పూత వల్ల పొగ 600 డిగ్రీల దాకా ఆగకుండా 260, 300 డిగ్రీల దగ్గరే కాలిపోతుంది. అందుకే చిన్న మంట మీద ఎక్కువసేపు శుభ్రంగా మండాలంటే ఇవి బాగుంటాయి. కానీ ఆ ముక్క కొన్నేళ్లకు అరిగిపోతుంది, మార్చాలి. చెత్త కాగితాలు, రంగు వేసిన చెక్కలు కాలిస్తే ముందే పాడవుతుంది. శ్రద్ధగా చూసుకునేవాళ్లయితే తీసుకోండి. ఇంట్లో పొయ్యిని ఎవరు పడితే వాళ్లు వాడతారనుకుంటే మామూలు రకమే మంచిదని నా అభిప్రాయం.

పోత ఇనుమా, ఉక్కు రేకా అని చాలామంది అడుగుతారు. సామర్థ్యంలో వాటి వల్ల వచ్చే తేడా పెద్దగా లేదు. పోత ఇనుము ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారుతుంది, ఉక్కు త్వరగా వేడెక్కుతుంది. మీ అలవాటును బట్టి తీసుకోండి, దానికోసం నిద్ర మానుకోవద్దు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఇలాంటి తప్పు చేసినవాళ్లు నాకు ఎన్నో ఇళ్లలో కనిపించారు, అందుకే చెబుతున్నాను. మా ఇంటికి మొదట పొయ్యి కొన్నప్పుడు గది వైశాల్యం 35 చదరపు మీటర్లు. అమ్మినాయన "పెద్దది తీసుకోండి, చలి ఎక్కువైనా టెన్షన్ ఉండదు" అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. 12 కిలోవాట్ల పొయ్యి తెచ్చాం. ముట్టించిన అరగంటకు గదిలో ఉండలేకపోయాం. కిటికీ తెరవడం, మంట తగ్గించాలని పొయ్యిలోకి గాలి వచ్చే దారి మూయడం. గాలి మూస్తే మంట పోతుంది, కట్టె మాత్రం లోలోపల కాగుతూనే ఉంటుంది. వారానికే గాజు నల్లబడింది. తుడిచాం, మళ్లీ నల్లబడింది. చలికాలం ముగిశాక చిమ్నీ శుభ్రం చేయడానికి వచ్చినాయన పైనుంచి దిగి, చేతిలో ఒక ముక్క తెచ్చి చూపించాడు. నల్లగా, నిగనిగలాడుతూ, గాజుముక్కలా ఉంది. గీరితే గోటికి అంటుకుంది. కట్టె తారు అది, క్రియోసోట్ అంటారు. పొగ చిమ్నీలో సుమారు 120 డిగ్రీల కంటే చల్లబడితే అది గోడలకు పేరుకుంటుంది. ఒకరోజు రవ్వ తగిలి అంటుకుంటే చిమ్నీ లోపలే మంటలు లేస్తాయి. ఆ శబ్దం విన్నవాళ్లు రైలు వచ్చినట్టు ఉంటుందని చెబుతారు. ఆ ముక్కను చూశాక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పక్క గదిలో పిల్లలు పడుకుని ఉన్నారు.

లెక్క ఎంత సులువో చూడండి. సరిగా కట్టిన, చలి లోపలికి రాని ఇంట్లో చదరపు మీటరుకు 50 వాట్లు చాలు. పాత ఇల్లు, సందులున్న ఇల్లయితే 100 వాట్ల దాకా వేసుకోవచ్చు. నా గదికి 35 ని 100 తో గుణిస్తే 3.5 కిలోవాట్లు. నేను తెచ్చింది దానికి మూడు రెట్లకు పైనే. పైకప్పు ఎత్తుగా ఉంటే, మూడు వైపులా బయటి గోడలుంటే కొంచెం పెంచుకోండి. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. ఇల్లు వచ్చి చూసి కొలిచేవాళ్లు దొరికితే తప్పకుండా కొలిపించుకోండి. ఎండుకట్టె ఒక కిలోలో సుమారు 4 యూనిట్ల శక్తి, అంటే 4 కిలోవాట్ గంటలు ఉంటుంది. మంచి పొయ్యి అందులో మూడొంతులు గదికిస్తుంది. అంటే గంటకు ఒక కిలో కట్టె కాలిస్తే మూడు కిలోవాట్లు. మీ గదికి మూడు కిలోవాట్లే చాలినప్పుడు గంటకు నాలుగు కిలోలు కాల్చే పొయ్యి తెస్తే దాన్ని సక్రమంగా మండించే అవకాశమే మీకు దొరకదు. కాస్త చిన్నది కొని నిండుగా మండించండి. విపరీతమైన చలి ఉండే నాలుగు రోజులకు ఇంకో హీటర్ పక్కన పెట్టుకోవచ్చు.

ఇక్కడే భారీ పొయ్యిల సంగతి కూడా చెప్పాలి. రష్యా, ఫిన్లాండ్, జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో ఇటుకతో, రాయితో, పింగాణీ పలకలతో కట్టే పొయ్యిలు ఉంటాయి. టన్ను మొదలు కొన్ని టన్నుల దాకా బరువు. వీటి తర్కం వేరు. మంటను ఎప్పుడూ తగ్గించరు. రోజుకు ఒకటి రెండుసార్లు, గంటా రెండు గంటల పాటు, గాలి పూర్తిగా వదిలి జోరుగా మండిస్తారు. ఆ జోరు మంటలో పొగ మిగలదు. వేడి పొగ ఇటుకల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది, ఇటుకలు ఆ వేడిని దాచుకుని పన్నెండు గంటలకు పైగా నెమ్మదిగా గదికి ఇస్తాయి. సామర్థ్యం 80 శాతం దాటుతుంది. పైన చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, కాలదు. కట్టెలతో ఇల్లు వెచ్చబెట్టుకోవడంలో నాకు తెలిసి ఇంతకంటే చక్కని పద్ధతి లేదు. కానీ దానికి గట్టి పునాది కావాలి, ఖర్చు ఎక్కువ, సాయంత్రం ఇంటికొచ్చి వెంటనే వేడి కావాలంటే ఇవ్వదు. ఇల్లు కొత్తగా కట్టుకునేవాళ్లు, రోజంతా ఇంట్లో ఉండేవాళ్లు దీని గురించి ముందే ఆలోచించండి.

చిమ్నీ గురించి తక్కువ మాట్లాడతారు, ఖర్చు వచ్చేసరికి అక్కడే కోత పెడతారు. పొయ్యికి ప్రాణం చిమ్నీయే. వేడి గాలి తేలిక కాబట్టి పైకి లేస్తుంది, లేస్తూ కింద కొత్త గాలిని లాగుతుంది. గొట్టం ఎంత ఎత్తుగా, ఎంత వెచ్చగా ఉంటే అంత బాగా లాగుతుంది. అందుకని చిమ్నీ ఇంటి లోపలి నుంచి పైకి పోతే మంచిది. బయటి గోడను అంటిపెట్టుకుని పోతే చల్లబడిపోతుంది, ఉదయం ముట్టించగానే పొగ వెనక్కి తన్నుతుంది. వంపులు ఎంత తక్కువుంటే అంత మేలు. గొట్టం వ్యాసం పొయ్యి తయారుచేసినవాళ్లు చెప్పినంతే ఉండాలి. పెద్దదుంటే ఇంకా మంచిదనుకోవద్దు, పెద్ద గొట్టంలో పొగ నెమ్మదించి చల్లబడుతుంది. చిమ్నీ పైకొస, అది ఇంటి కప్పును దాటే చోటి నుంచి కనీసం మూడు అడుగులు, పది అడుగుల లోపున్న దేనికంటే అయినా కనీసం రెండు అడుగులు ఎత్తులో ఉండాలని అమెరికాలో పాటించే నియమం ఒకటుంది. గాలి సుడి తిరిగి పొగను కిందికి నొక్కకుండా అది కాపాడుతుంది. మీ దగ్గర ఉన్న నిర్మాణ నియమం ఏదైనా సరే, దాన్ని ముందే తెలుసుకోండి.

ఇంకో సంగతి. ఇప్పటి ఇళ్లు బిగుతుగా కడుతున్నారు. పొయ్యి మండుతుండగా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే అది ఇంట్లోని గాలిని లాగేస్తుంది, చిమ్నీ ఓడిపోతుంది, పొగ గదిలోకి వస్తుంది. దీనికి మందు బయటినుంచే గాలి తెచ్చుకునే గొట్టం. పొయ్యికి కింద గానీ వెనక గానీ దానికి ఏర్పాటు ఉందో లేదో కొనేముందే అడగండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం ఏ పొయ్యి అయినా పెట్టాల్సిందే. ఆ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. పొయ్యి ఉన్న గదిలో ఒకటి, పడకగదుల దగ్గర ఒకటి పెట్టండి. ఇందులో ఎవరూ బేరమాడవద్దు.

లేబుల్ మీద అంకెలు చదివేటప్పుడు జాగ్రత్త. ఒకే పొయ్యికి యూరప్ లెక్కలో 75 శాతం అని ఉంటే అమెరికా లెక్కలో ఏడెనిమిది పాయింట్లు తగ్గి కనిపిస్తుంది. అక్కడ కట్టెలోని నీటి ఆవిరితో పోయే వేడిని కూడా నష్టంగా లెక్కిస్తారు. రెండు పొయ్యిలను పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే లెక్క ఉందో లేదో చూడండి. నేనైతే సామర్థ్యం కంటే ముందు పొగ అంకె చూస్తాను. అమెరికాలో 1988లో మొదటి నియమాలు వచ్చాయి. 2020 మే నుంచి కొత్త పొయ్యి గంటకు 2 గ్రాములకు మించి పొగ రేణువులు వదలకూడదు. కొలతకు కోసిన చెక్కల బదులు మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5 గ్రాములు. ఆ అంకె తక్కువున్న పొయ్యిలో కట్టె పూర్తిగా కాలుతోందన్నమాట. పైగా ఆ రేణువులు ఎక్కడికీ పోవు. మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి, పక్కింటివాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే, ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న చోట ఉంటే, అసలు కట్టెల పొయ్యి కావాలా అని ముందు ఆలోచించమంటాను. పొయ్యిల గురించి ఇంత ఇష్టంగా మాట్లాడుతూ కూడా ఈ మాట చెబుతున్నాను.

చివరికి కట్టె. ఎంత మంచి పొయ్యి తెచ్చినా పచ్చి కట్టె వేస్తే అంతా వృథా. అప్పుడే కొట్టిన చెట్టులో దాదాపు సగం బరువు నీరే. పది కిలోలు తెస్తే ఐదు కిలోల నీళ్లు మోసుకొచ్చినట్టు. ఆ నీటిని ఆవిరి చేయడానికి శక్తి ఖర్చవుతుందని అందరూ చెబుతారు. నిజమే గానీ, అసలు నష్టం అది కాదు. లెక్కవేస్తే దానికి పోయేది కట్టెలోని శక్తిలో పదో వంతో, ఇంకాస్తో. అసలు నష్టం ఏమిటంటే ఆ ఆవిరి మంటను చల్లారుస్తుంది. మంట 600 డిగ్రీలకు చేరదు. పొగ కాలదు. మళ్లీ మొదటికే వచ్చాం చూడండి. నీరు 20 శాతం లోపు ఉన్న కట్టే పొయ్యికి తగినది. చీల్చి, వాన పడకుండా పైన కప్పి, పక్కల నుంచి గాలి ఆడేలా పేర్చితే మెత్తని జాతులకు ఏడాది, గట్టి జాతులకు రెండేళ్లు పట్టవచ్చు. తేమ కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి. కొనుక్కోండి. అయితే మొద్దు పైన పెట్టి చూస్తే మోసపోతారు, పైభాగం ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది. మొద్దును అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మధ్యలో గుచ్చి చూడాలి. ఏ జాతి కట్టె మంచిదని అడుగుతారు. బాగా ఎండిన ఏ కట్టె అయినా కిలోకు ఇచ్చే వేడి ఇంచుమించు ఒకటే. గట్టి కట్టె అదే చోటులో ఎక్కువ బరువు పడుతుంది కాబట్టి ఎక్కువసేపు కాలుతుంది, అంతే.

ప్రశ్నలుంటే అడగండి.

వెనక నుంచి ఒక అన్న అడుగుతున్నారు, ఇంట్లో పాత తెరిచిన ఫైర్‌ప్లేస్ ఉంది, గోడ పగలగొట్టాలా అని. అక్కర్లేదండీ. ఇన్‌సర్ట్ అని, ఆ గూటిలో ఇమిడే తలుపున్న పొయ్యి దొరుకుతుంది. కానీ ఒక్క మాట గుర్తుంచుకోండి. పాత చిమ్నీ చాలా వెడల్పుగా ఉంటుంది. ఇన్‌సర్ట్‌ను ఊరికే గూట్లోకి తోసి వదిలేస్తే పొగ ఆ వెడల్పులో చల్లబడి తారు పేరుకుంటుంది. స్టీలు గొట్టం ఒకటి చిమ్నీ కొస నుంచి పొయ్యి దాకా దింపించాలి. గొట్టం చుట్టూ కింద ఉన్న ఖాళీని రేకుతో మూయించాలి. అది చేయకుండా బిగిస్తామంటే వద్దని చెప్పండి.

అమ్మా, మీరు చెప్పండి. రాత్రి పడుకునేముందు నిండా కట్టెలు వేసి గాలి మూసేస్తే తెల్లారేదాకా నిప్పుంటుంది కదా అంటున్నారు. ఉంటుందమ్మా. రాత్రంతా పొగ కూడా వస్తుంది. నా చిమ్నీలో పేరుకున్న ఆ తారు చాలావరకు అలాంటి రాత్రుల్లో తయారైందే. పడుకునేముందు ఒక గంట బాగా మండించి, మంటలు పోయి ఎర్రని నిప్పులు మాత్రమే మిగిలాక గాలి తగ్గించండి. బొగ్గు దశలో పొగ ఉండదు. పొద్దున బూడిద కదిపితే లోపల నివురుగప్పిన నిప్పు దొరుకుతుంది, నాలుగు పుల్లలు వేస్తే రాజుకుంటుంది. బూడిద మొత్తం ఊడ్చేయకండి, రెండు సెంటీమీటర్లు అడుగున వదలండి. తీసిన బూడిదను మూతున్న ఇనుప బకెట్‌లో వేసి ఇంటికి దూరంగా పెట్టండి. రెండు మూడు రోజుల తర్వాత కూడా అందులో నిప్పు బతికే ఉండవచ్చు.

ముట్టించడం ఎలా అని ఎవరో అడిగారు. పెద్ద కట్టెలు కింద, సన్నవి వాటి మీద, అన్నిటికంటే పైన చీలికలు పెట్టి పైనుంచి ముట్టించండి. మంట పై నుంచి కిందికి దిగుతుంది. కింది కట్టె వదిలే పొగ అప్పటికే మండుతున్న మంటలోంచే పోవాలి కాబట్టి కాలిపోతుంది. కింద ముట్టించే అలవాటున్నవాళ్లకు వింతగా ఉంటుంది. ఒక వారం చేసి, బయటికి వెళ్లి చిమ్నీ వైపు చూడండి. మీకే తెలుస్తుంది.

ఇదే చివరి ప్రశ్న. వచ్చే చలికాలానికి పొయ్యి పెట్టించుకోవాలి, ముందు ఏం చేయాలని. ముందు కట్టెలు తెప్పించండి. పొయ్యిని ఎంచుకోవడానికి నెల చాలు, చిమ్నీ బిగించడానికి కొద్ది రోజులు చాలు. కట్టె ఎండటాన్ని మాత్రం ఎవరూ తొందరపెట్టలేరు. ఈ వారమే చీల్చి పేర్చడం మొదలుపెట్టండి.